దిగులు పడని బాబాయి

ప్రతి చుట్టరికంలోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. పప్పులో ఉప్పెక్కువైతే ఇంకో రెండు ముద్దలు తినొచ్చని సంబరపడతాడు. కరెంటు పోతే డాబా ఎక్కి చుక్కలు బాగున్నాయంటాడు. మా వాటాకు వచ్చినవాడు మా బాబాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తా.

చుట్టాలొస్తే ఎవరైనా కోటప్పకొండో అమరావతో తిప్పుతారు. ఈయన యార్డుకు తీసుకెళ్తాడు. గేటు దాటగానే వాళ్లకు తుమ్ములు మొదలు. ‘ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్లో తుమ్ముతున్నారు, మాటలా!’ అని మెచ్చుకుంటాడు. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావ ఒకాయన ముక్కుకు రుమాలు కట్టుకుని పరుగున వెళ్లి కార్లో ఏసీ వేసుకుంటే, పాపం తుమ్ములన్నీ ఆగిపోతాయేమోనని మా బాబాయి తెగ నొచ్చుకున్నాడు.

అయితే పనిలో ఉన్నప్పుడు ఆయన్ను చూడటం ఓ ముచ్చట. టిక్కీ అనే మిర్చి బస్తా మూతి విప్పి పైనున్న కాయల్ని పక్కకు నెట్టి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగుకాయ తీస్తాడు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజలు గలగలలాడాయా, ఎండినట్టు. మూగగా ఉంటే కల్లంలో ఇంకో రెండెండలు పడాల్సిందన్నమాట. తొడిమ విరిచి వాసన చూస్తాడు. తేజా రకమైతే ఘాటుకు మురుస్తాడు, ముడతలు పడ్డ బాడిగ అయితే రంగుకు మురుస్తాడు. తెల్లబడ్డ తాలుకాయను కూడా, జ్వరమొచ్చిన పిల్లాణ్ని చూసినట్టు చూసి, ‘దీనికీ ఓ రేటుందిలే’ అని పక్కన పెడతాడు. ఉంది కూడా.

2023లో తేజా క్వింటా ఇరవై వేలు దాటినప్పుడు ఆనందించాడంటే అర్థముంది. 2025 మొదట్లో రేట్లు కూలి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించిన రోజుల్లోనూ అదే నవ్వు! ప్రత్తిపాడు పక్కన ఆయనకు సొంత తోట ఉంది మరి. ‘కోల్డ్ స్టోరేజీలు కట్టింది ఎందుకురా అబ్బాయ్?’ అన్నాడు. 2021-22లో నల్ల తామర పురుగు పూతంతా పీల్చేసి జిల్లా జిల్లాను ఏడిపిస్తుంటే, ఓ పువ్వు కోసి అరచేతిలో దులిపి, ‘ఇంత చిన్న ప్రాణి! ఎన్ని తోటలు తిరిగొచ్చిందో చూడు’ అన్నాడు. ఆ మాట విని పిన్ని చేట కింద పడేసి లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఆయనతో పేచీ ఇక్కడే. పురుగుమందుల కొట్టు బాకీ, చిట్టీ వాయిదా, పిల్ల కాలేజీ ఫీజు, అన్నీ పిన్ని బుర్రలో ఉంటాయి. ఆవిడ దిగులు మీద ఈయన కౌలు కూడా ఇవ్వకుండా సంతోషం పండించుకుంటున్నాడు.

పోయినేడు నాకు రావలసిన ప్రమోషన్ నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి పోయింది. నాలుగు తిట్లు తిట్టుకోవడానికి మనిషి కావాలి గదా, బాబాయి దగ్గర కూలబడ్డాను. అంతా విని, ‘అయితే నువ్వు ఆరింటికల్లా ఇంటికొచ్చేయొచ్చన్న మాట!’ అన్నాడు. చుట్టుగుంట దగ్గర టీ ఇప్పించాడు. ఆ టీ నిజంగానే బాగుండటం నాకింకా మండింది.

ఎండాకాలంలో యార్డుకు నెల రోజులు సెలవులు. ఆ నెల మాత్రం మనిషి మనిషిలా ఉంటాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లేది లేక వసారాలో కూర్చుంటాడు. తుమ్ములు లేక తల బరువుగా ఉందంటాడు. ఆవకాయకని పిన్ని తెచ్చిన మిరపకాయల్ని ఒక్కోటీ చెవి దగ్గర ఆడించి చూస్తాడు.

మొన్నటి సెలవుల్లో నేను వెళ్లేసరికి మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ‘ఏమైంది పిన్నీ?’ అంటే, ‘ఏం కాలేదురా. ఖాళీగా ఉన్నారు గదా అని బాకీల పుస్తకం చేతికిచ్చా. ఒక్క నెలైనా ఆ దిగులేదో ఆయన్నే పడనీ’ అంది, ఏళ్ల తర్వాత హాయిగా కాళ్లు చాపుకుని.

బాబాయి కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. వేళ్లు మడిచి పేర్లు లెక్కపెట్టాడు. చివరి పేజీకొచ్చేసరికి మొహం విప్పారింది.

‘ఏమే, మనల్ని నమ్మి ఇంతమంది అప్పిచ్చారటే!’

పిన్ని లేచొచ్చి పుస్తకం లాక్కుంది.