రీజెన్సీ కాలం చదవడానికి కొన్ని తలకిందుల సలహాలు

చరిత్ర పుస్తకంతో మొదలుపెట్టకండి. తూకాల పట్టికతో మొదలుపెట్టండి.

ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ల ముఖం మారుతుంది. ముందు కథ తెలియాలి కదా, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు కదా అంటారు. సూరత్‌లో, లింబాయత్ ఇరుకు సందులో, పదేళ్లుగా రాత్రిపూట పైసా ఖర్చు లేని పాత పుస్తకాలు చదువుతున్నాను. పగలంతా పక్కింటి సాంచాల (మరమగ్గాల) మోత, రాత్రి ఈ పుస్తకాలు. చదివినకొద్దీ ఈ సలహా మీద నాకు నమ్మకం పెరిగింది.

ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి చలించి, పెద్దకొడుకు రాజప్రతినిధిగా ఏలిన 1811-1820 మధ్య కాలాన్ని రీజెన్సీ అంటారు. జేన్ ఆస్టెన్ నవలలు అచ్చయిన కాలం అదే. సినిమాలూ సీరియళ్లూ చూసి ఆ కాలం మీద మనసు పడి, నవల రాయాలనో ఊరికే తెలుసుకోవాలనో అడిగే తెలుగు పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. అడిగిన ప్రతివాళ్లకూ ఎవరో ఒకరు జాన్ యాష్టన్ 1890లో రాసిన రీజెన్సీ సమాజం పుస్తకం చూపిస్తారు. ఉచితంగా దొరుకుతుంది, హాయిగా చదివిస్తుంది. కాని అది డెబ్భై ఏళ్ల తర్వాతి మనిషి పాత పత్రికల్లోంచి తనకు వింతగా తోచినవి ఏరి పేర్చినది. వింతలు ముందు తలకెక్కితే మామూలు బతుకు కంటికి ఆనదు. దాన్ని ఆఖర్న చదవండి.

ముందు విలియం మిల్‌బర్న్ 1813లో అచ్చువేసిన 'ఓరియంటల్ కామర్స్' తెరవండి. రెండు సంపుటాలు. రేవు రేవుకూ నాణేలు, తూకాలు, ఎగుమతులు, దిగుమతులు. కథ ఒక్క ముక్క ఉండదు. సూరత్ దగ్గర ఆగి మణుగు లెక్క చూడండి. బొంబాయి మణుగు 28 పౌన్లు. నాలుగు గంటల రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న సూరత్‌లో మణుగు 37 పౌన్ల పైచిలుకు. మన మద్రాసు మణుగు, ఎనిమిది వీశలది, 25 పౌన్లు. పేరు ఒకటే, బరువులు మూడు. రేవు రేవుకీ తూకం మారే లోకంలో షావుకారు ఎలా ఆలోచిస్తాడు, దలాలు ఎందుకు కావలసి వస్తాడు, కంపెనీ గుమాస్తా ఎక్కడ చెయ్యి పెట్టగలడు? మీ కథలో బేరం సన్నివేశం ఉంటే దానికి ప్రాణం ఆ పట్టికలోనే ఉంది. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి అరపేజీ దాటలేదు.

రెండో మాట. ముఖపత్రం మీది సంవత్సరాన్ని నమ్మకండి. జేమ్స్ ఫోర్బ్స్ 'ఓరియంటల్ మెమాయిర్స్' నాలుగు సంపుటాలు 1813-15 మధ్య లండన్‌లో అచ్చయ్యాయి. సూరత్, భరూచ్‌ల గురించి అంత తీరుబడిగా, అంత ప్రేమగా రాసిన తెల్లవాళ్లు అరుదు. సూరత్ వర్తకులు ముసలి పశువులకూ దెబ్బతిన్న పక్షులకూ నడిపిన ఆసుపత్రి గురించి ఆయన రాసిన పేజీలు చదివితే, ఈ ఊళ్లో నేటికీ నడుస్తున్న పాంజ్రాపోళ్ కొత్తగా కనిపిస్తుంది. అచ్చయింది నడి రీజెన్సీలో గదా అని చాలామంది ఆ వర్ణనల్ని 1813 నాటి సూరత్‌గా వాడేస్తారు. ఫోర్బ్స్ 1784లోనే ఇండియా వదిలి వెళ్లిపోయాడు. ఆయన చూసిన సూరత్‌లో నవాబు దర్బారు ఇంకా నడుస్తోంది. 1800 ఒప్పందంతో పాలన కంపెనీ చేతికి పోయి, నవాబుకు బిరుదూ భరణమే మిగిలాయి. పుస్తకం బయటికొచ్చేసరికి అందులోని ఊరు లేదు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి పుస్తకానికీ రెండు సంవత్సరాలు రాయండి. కళ్లతో చూసిన ఏడు, అచ్చయిన ఏడు. కెప్టెన్ గ్రోనో జ్ఞాపకాలను రీజెన్సీ లండన్‌కు ప్రమాణంగా అందరూ వాడతారు. ఆయన వాటర్లూ యుద్ధానికి వెళ్లినవాడే, కాని మొదటి పుస్తకం 1862లో వచ్చింది. నడుమ సుమారు అర్ధశతాబ్దం. ఆ దూరం తెలిసి చదివితే గ్రోనో చక్కగా పనికొస్తాడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సలహా. చదవడం ఆపి గుడ్డ చూడండి. రుడాల్ఫ్ అకర్మన్ లండన్‌లో 1809 నుంచి ఒక మాసపత్రిక నడిపాడు, పేరు 'రిపాజిటరీ'. ఫ్యాషన్ బొమ్మలకు దానికి పెద్ద పేరు, అందరూ ఆ రంగు బొమ్మలే దించుకుంటారు. మొదటి సంవత్సరాల సంచికల్లో మరో పేజీ ఉండేది. చుట్టూ అలంకారపు చట్రం అచ్చువేసి, మధ్యలో నిజం గుడ్డ ముక్కలు అంటించేవారు. అంటే ఆ నెల అంగట్లో దొరికే బట్ట. ప్రతి కాపీలోనూ చేత్తో అంటించినవే. వాటి స్కానులు ఇవాళ ఎవరికైనా ఉచితం. పెద్దది చేసి చూస్తే పోగులు లెక్కపెట్టొచ్చు.

మా పక్కింటి పెద్దాయన సిరిసిల్ల నుంచి వచ్చి నలభై ఏళ్లు సాంచాలు నడిపిన పద్మశాలి. ఒక రాత్రి ఆ పేజీ ఫోనులో తెరిచి ఆయన చేతికిచ్చాను. "కాకా, ఇది రెండొందల ఏళ్ల కిందటి బట్ట" అన్నాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కు దాకా తెచ్చుకుని, రెండు వేళ్లతో బొమ్మను సాగదీసి చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"పడుగు సన్నగుంది. పేక జర దొడ్డుగుంది. అంచు ఏది, బిడ్డా? అంచు కోసేసిండ్రు. అంచు లేనిది ఏ ఊరి బట్టో ఎట్ల జెప్పాలె?"

నేను అన్నేళ్లుగా ఆ ముక్కల రంగులే చూస్తున్నాను. ఏ ఊరి బట్ట అన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఆ రాత్రే పక్క పేజీలోని చిన్న అక్షరాలు మొదటిసారి శ్రద్ధగా చదివాను. పన్నా ఎంత, గజం ధర ఎంత, ఏ అంగట్లో దొరుకుతుంది అన్న వివరాలు కొన్నింటికి ఉన్నాయి. ఆ పేజీ శీర్షికలోనే జవాబు ఉంది. అవి ఇంగ్లండులో నేసిన బట్టల నమూనాలని పత్రికే చెబుతోంది. ఇండియా నుంచి ఓడల్లో వెళ్లిన మస్లిన్లను చూసి నేర్చుకుని, అక్కడి మిల్లులే ఆ సన్నబట్టలు నేయడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు ఈ పత్రిక పక్కన బిషప్ హీబర్ యాత్రా పుస్తకం పెట్టండి. ఆయన 1825లో సూరత్ వచ్చాడు. ఇరుకు వీధులు, కొయ్య చట్రాల మధ్య ఇటుకలు కూర్చిన ఎత్తయిన ఇళ్లు, పడిపోయిన వ్యాపారం, అన్నీ రాశాడు. పడవల్లో బొంబాయికి పోయే పత్తి తప్ప పెద్ద వ్యాపారం మిగల్లేదనీ, ఇక్కడి నేతబట్ట ఇంగ్లీషు సరుకు ధరకు నిలవలేకపోతోందనీ చెప్పాడు. జరీ కింఖాబూ శాలువలూ మాత్రం పోటీకి నిలిచాయట, వాటికేమో కొనేవాళ్లు లేరు. లండన్‌లో గుడ్డముక్క పత్రికకు అంటించిన చెయ్యీ, సూరత్‌లో ఖాళీ అయిన మగ్గమూ ఒకే కథలోవి. రీజెన్సీ నాయిక తొడుక్కున్న తెల్ల గౌను గురించి పది పేజీలు రాసేవాళ్లు ఈ రెండు పుస్తకాలనూ ఒకేరోజు చదవాలని నా గట్టి కోరిక. రెండూ ఉచితమే, కాని వేర్వేరు అరల్లో ఉంటాయి. ఒకటి ఫ్యాషన్ కింద, ఒకటి మతప్రచారకుల యాత్రల కింద. అరలు వేసినవాళ్ల వర్గీకరణను పట్టించుకోకండి. ఆస్టెన్ 1814 నవల 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో లేడీ బెర్ట్రమ్ ఓ కుర్రవాడు తూర్పుదేశాలకు వెళ్తే తనకు శాలువలు తెస్తాడని ఆశపడుతుంది. ఆ ఒక్క కోరికకు నోట్సు రాయాలంటే మిల్‌బర్నూ, అకర్మనూ, హీబరూ ముగ్గురూ కావాలి.

తప్పు అక్షరక్రమంతో వెతకండి. ఇది చాలామందికి తప్పుడు సలహాలా వినిపిస్తుంది, కాని సరైన స్పెల్లింగుతో వెతికితే దొరికేది కొద్ది. భరూచ్ కావాలంటే బ్రోచ్ అని, ఖంభాత్ కావాలంటే కాంబే అని, తాపీ నది కావాలంటే టాప్టీ అని కొట్టండి. మనవాళ్ల కోసమైతే తెలుగు అని కాదు, జెంటూ అని, తెలింగ అని వెతకాలి. మచిలీపట్నం వాళ్ల నోట మసూలిపటం. 1800కి ముందు పుస్తకాల్లో మరో చిక్కుంది. అప్పటి అచ్చులో పొడవాటి ఎస్ అక్షరాన్ని కంప్యూటరు ఎఫ్ అని చదువుతుంది. సిల్క్ ఫిల్క్ అవుతుంది, మస్లిన్ మఫ్లిన్ అవుతుంది. ఆ తప్పు మాటలే కొట్టి చూడండి, అప్పటిదాకా కనపడని పేజీలు బయటపడతాయి. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసి, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న తెలుగు పుస్తకాలదీ ఇదే అవస్థ. ఒకరు దీర్ఘానికి రెండు ఇంగ్లీషు అక్షరాలు పెడితే ఇంకొకరు ఒకటే పెట్టారు. ఒక్క పేరును నాలుగు రకాలుగా రాసి వెతకండి.

నిఘంటువును నవలలా చదవండి. 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' అందుకు బాగుంటుంది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మడపొల్లం అనే బట్ట పేరై లోకమంతా ఎలా తిరిగిందో తెలుస్తుంది. వీధి భాషకు గ్రోస్ నిఘంటువు 1811 కూర్పు ఉచిత పుస్తకాల సైటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉంది. వంటింటికి మిసెస్ రండెల్ 1806 పుస్తకం, అందులో కూర కూడా ఉంది.

మనల్ని చులకన చేసిన రచయితల్ని పక్కన పెట్టకండి. ఈ సలహా ఇచ్చినందుకు నాతో మాటలు మానేసిన స్నేహితుడు ఉన్నాడు, అయినా మార్చుకోను. చులకనగా చూసినవాడు తనకు మామూలు అనిపించినదాన్ని దాచడు. జీతగాళ్లు ఎందరు, పల్లకీ ఖర్చెంత, ఎండాకాలం ఎలా గడపాలి, ఇవన్నీ థామస్ విలియమ్సన్ 1810లో కంపెనీ కొలువుకు వచ్చే కుర్రాళ్ల కోసం రాసిన 'ఈస్ట్ ఇండియా వాడెమేకమ్'లో చెప్పేశాడు. దాంతో పాటు అదే 1810లో ఇంగ్లీషులోకి వచ్చిన మీర్జా అబూ తాలిబ్ యాత్రలు చదవండి. లక్నోలో పుట్టి, 1800 ప్రాంతంలో లండన్‌ను చూసిన మనిషి. ఇంగ్లీషువాళ్ల లోపాలను ఒక్కొక్కటే లెక్కపెట్టి రాశాడు. రీజెన్సీ ముంగిట లండన్ ఇళ్లలో విందులెలా జరిగేవో తెలియాలంటే, అతిథిగా కూర్చున్న ఈ పరదేశిని అడగడం మేలు.

డబ్బు పెట్టి కొనే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఒకసారి పన్నెండు వందలు పోసి ఒక పాత పుస్తకం కొత్త ముద్రణ తెప్పించుకున్నాను. విప్పి చూస్తే ఉచిత స్కానునే కాగితం మీద దించేశారు. ఒక పేజీలో స్కాన్ చేసినవారి బొటనవేలు, మరోచోట పదహారు పేజీలు లేవు. అదే పుస్తకం మరో గ్రంథాలయం చేసిన స్కానులో ఆ పదహారూ ఉన్నాయి. ఒకే పుస్తకానికి మూడు నాలుగు స్కానులు ఉంటాయి, అన్నీ తెరవండి. మడత పటాలను విప్పకుండానే స్కాన్ చేసినవి ఎక్కువ. విప్పినది ఎక్కడో ఒకటి దొరకవచ్చు.

మన ఆంధ్ర ప్రాంతం మీద ఇదే కాలానికి ఉచిత సామగ్రి తక్కువేం కాదు. ఉత్తర సర్కారుల భూమి శిస్తు సంగతులున్న పార్లమెంటు ఐదో నివేదిక 1812లో వచ్చింది. బెంజమిన్ హైన్ 'ట్రాక్ట్స్' 1814లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం 1816లో అచ్చయ్యాయి. కాని మన గొంతే కావాలంటే పదేళ్లు దాటి ఏనుగుల వీరాస్వామి దగ్గరికి వెళ్లక తప్పదు. 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా నడిచిన ఆయన కాశీయాత్ర చరిత్ర తేదీలతో, మజిలీలతో ఉంటుంది. ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో కూడా రాసుకున్నాడు. వీరాస్వామి 1836లో పోయాక, 1838లో మిత్రుడు అచ్చువేయించాడు.

ఇక్కడే నోటుబుక్కులో మూడో గడి గీయాలి. రాసినవారు పోయిన ఏడు. మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు దాటితేనే రచన అందరిదీ అవుతుంది. వీరాస్వామి మాట ఎప్పుడో అందరిదైంది. కాని చాలామంది చేతిలో ఉన్నది 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు పీఠిక, వివరణలు చేర్చిన కూర్పు. ఆయన 1992 దాకా జీవించారు. కాబట్టి వీరాస్వామి మాట ఎంతైనా ఎత్తి రాసుకోండి. శివరావు గారి పీఠికనూ వివరణలనూ చదివి, పేరు చెప్పి, మీ మాటల్లో వాడుకోండి. నా నోటుబుక్కులో ఆ వరస ఇలా ఉంది: చూసింది 1830-31, అచ్చు 1838, వీరాస్వామి 1836, శివరావు గారు 1992, పక్కన ఎర్ర సిరాతో 2052.