చిల్లగింజకు లొంగని మందు

మా రోజుల్లో ఎండాకాలమొస్తే దుందుభి వాగులో చెలిమ తవ్వి, చిప్పతో తోడి బిందె నింపేవాళ్లం. వానకాలం బురద నీళ్లయితే అమ్మ చిల్లగింజను కుండ లోపల నాలుగు తిప్పులు అరగదీసేది. తెల్లారేసరికి బురద అడుక్కి దిగి, పైన తేటనీళ్లు.

"నారికురుపు గూడ అడుక్కి దిగేదా తాతా?" అంటాడు మా మనుమడు. దిగేది కాదు. దిగుడుబావి నీళ్లు తాగి, కాలిలోంచి దారంలాంటి పురుగును పుల్లకు చుట్టి రోజుల తరబడి లాగినవాళ్లం మేమే. దేశానికి ఆ పీడ వదిలిందని ప్రకటించింది 2000లో. వాడికి చెప్పే జవాబు నా దగ్గర లేదు గనక ఇంకో సంగతి ఎత్తుకుంటాను.

మా నీళ్లలో మందుబిళ్లలు లేవు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి వచ్చే నీళ్లను పరీక్షించిన సంగతి బయటపెట్టారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! శుద్ధి అయ్యాక లెక్క అది.

మొన్న మనుమడు బోరునీళ్లకు సాఫ్ట్‌నర్ పెట్టించాడు. అందులో పోసే రెజిన్ చిటికెడు నా అరచేతిలో వేశాడు. పచ్చజొన్న రవ్వలా ఉంది, తడి తడిగా వేలికి అంటుకుంటూ. దానిది కుండమార్పిడి సంబంధం. సోడియాన్ని ఇచ్చి కాల్షియాన్ని తెచ్చుకుంటుంది. మందులనైతే ఇంకో రకం రెజిన్ పడుతుందట. నేను మోకాళ్లకు మింగే డైక్లోఫెనాక్ నీళ్లలో రుణావేశంతో తిరుగుతుంది కాబట్టి, క్లోరైడును వదిలి దాన్ని పట్టుకుంటుంది. పారాసెటమాల్‌కు మామూలు నీళ్లలో ఏ ఆవేశమూ లేదు. నాకున్నదాంట్లో పావలా వంతైనా లేదు. అది దర్జాగా దాటిపోతుంది.

డైక్లోఫెనాక్ సామాన్యమైంది కాదు. మా చిన్నప్పుడు ఊరి బయట ఎద్దు చచ్చి పడితే రాబందులు చూస్తుండగానే ఎముకలు తేల్చేవి. తర్వాత పశువులకు ఈ మందు వేశారు. ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. 2006లో పశువులకు వాడొద్దన్నారు గానీ, అప్పటికే ఆకాశం ఖాళీ.

సరే, రెజిన్ పట్టింది. నిండినాక? ఉప్పునీళ్లతో కడగాలి. పట్టినదాంట్లో వదిలిందంతా మళ్లీ ఆ నీళ్లలోకే.

"అవి యాడ పోస్తర్రా?" అన్నాను.

వాడు మా సాఫ్ట్‌నర్ పైపు దిక్కు చూశాడు. కొస మోరీలో ఉంది. మోరీ పోయేది చెరువుకు.