స్వాగతం సరే, పేపర్లున్నాయా?

వేటకుక్కలకు శిక్షణ ఇచ్చే క్లబ్బులు ఇంగ్లండులో కొల్లలు. కొత్తగా కుక్కని పట్టుకొచ్చినవాళ్ళని ఎలా ఆదరించాలి, బెదిరిపోకుండా ఎలా నిలబెట్టుకోవాలి అని అక్కడి పెద్దలు తలలు పట్టుకుంటుంటారు. మన పడమటి నెల్లూరుకి ఆ బాధ లేదు. ఇక్కడ క్లబ్బుకి బోర్డు పడకముందే కమిటీ తయారుగా ఉంది. నమ్మకపోతే ఆత్మకూరులో ఏ టీ అంగడి ముందైనా ఒక కుక్కపిల్లని చంకన పెట్టుకుని నిలబడి చూడండి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి గ్లాసులతో సహా హాజరవుతారు. ఆ ముగ్గురిలో ఒక్కరింట్లోనూ కుక్క లేకపోవచ్చు. అది అర్హతల్లో లేదు.

అదిగో, స్కూటీ ఫుట్‌బోర్డు మీద లాబ్రడార్ పిల్లని కూర్చోబెట్టుకుని ఒక కుర్రాడు వస్తున్నాడు. ఇంకా బండికి స్టాండు వెయ్యలేదు.

"యాడ కొన్నావబ్బాయా?"

"నెల్లూర్లో అన్నా."

"ఎంత పెట్టావు?"

ఈ ప్రశ్నకి సరైన జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఎక్కువ చెబితే నిన్ను ముంచేశారంటారు. తక్కువ చెబితే "ఆ రేటుకి లాబ్ యాడొస్తుంది సామీ, నాటుపిల్లని స్నానం చేయించి ఇచ్చుంటారు" అంటారు. ఈలోగా ఒకాయన పిల్ల మూతి విప్పి పళ్ళు లెక్కపెడుతుంటాడు. ఇంకొకాయన తోక పైకెత్తి, వేళ్ళ మధ్య నలిపి, "సన్నంగా ఉండాది, క్రాసు" అని తీర్పు చెప్తాడు. తిండి దగ్గరికి వచ్చేసరికి కమిటీ రెండుగా చీలుతుంది. పెరుగన్నం తప్ప ఏదీ పెట్టొద్దని ఒక వర్గం, పెరుగన్నం పెడితే పిల్ల దక్కదని ఇంకో వర్గం. కొట్టి నేర్పాలా కొట్టకుండా నేర్పాలా అనే దాని మీద ఒక టీ చల్లారిపోతుంది. చివరికి శిక్షణ అక్కడే మొదలు: "సిట్!" "కూర్చో!" "సిట్ డౌన్!" అని మూడు మూలల నుంచి మూడు కేకలు, ఉదయగిరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన సాయిబుగారి "బైఠ్!" అదనం. పిల్ల అందరికీ కలిపి ఒకే జవాబు ఇస్తుంది, అధ్యక్షుడి చెప్పు మీద.

కుర్రాడు అడగాలనుకున్నది ఒక్కటే: ఈ ఎండల్లో దీన్ని ఎన్నింటికి బయటికి తీసుకెళ్ళాలి? దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు, గడ్డకట్టే నీళ్ళలో దూకే జాతి అది. మన మే నెలలో తెల్లవారుజామునే పని ముగించుకోకపోతే దానికి ప్రాణం మీదికొస్తుంది. కానీ కమిటీ కూర్చునేది పదిగంటలకి గదా.

ఇంతకీ ఈ కుక్కలు నేర్చుకునే విద్య ఏమిటో చూడండి. పొదల్లో దూరి పిట్టల్ని లేపేవి కొన్ని, పిట్ట ఉన్న చోటు కనిపెట్టి కాలెత్తి బొమ్మలా నిలబడేవి కొన్ని, పడిన పిట్టని వెతికి తెచ్చేవి కొన్ని. లాబ్రడార్ ఈ మూడో రకం. తుపాకీ పేలినా కదలకుండా కూర్చోవాలి. పిట్ట ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలి. పంపినప్పుడే పోవాలి. నోట కరుచుకున్నా పంటి గాటు పడకుండా తెచ్చి చేతిలో పెట్టాలి. పిలవకుండా లేవకపోవడం, నోరు మెత్తగా ఉంచుకోవడం: మొత్తం చదువంతా ఈ రెండింట్లోనే ఉంది. రెండూ మన కమిటీ సిలబస్‌లో లేవు.

పిట్టలెక్కడివి అంటారా? లేవు, ఉన్నా మనవి కావు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కాల్చడమొక్కటే వేట కాదు, ఉచ్చు పెట్టినా, వల వేసినా, తరిమినా వేటే అంటుంది ఆ చట్టం. కుందేలు వెంట కుక్కని వదిలేసి, దాన్ని ఫోనులో తీసి "ట్రెయినింగ్" అని చూపించుకునే మొనగాళ్ళు తమ మీద సాక్ష్యం తామే తయారు చేసుకుంటున్నారు. ఇక తుపాకీ అంటారా, లైసెన్సున్న పెద్దమనిషి కూడా ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషన్లో పెట్టి రావలసిందే. మిగతా రోజుల్లో అది దుర్గం కొండల మీద తాతగారు చిరుతని కొట్టిన కథ చెప్పేటప్పుడు గోడ మీద ఆధారంగా పనికొస్తుంది.

అయినా శిక్షణకి పిట్టతో పనిలేదు. ఇంగ్లండులో కూడా నేర్పేది గుడ్డతో కుట్టిన డమ్మీతోనే. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి దగ్గర కోసి, లోపల పేలికలు కూరి, రెండు వైపులా కుట్టేస్తే డమ్మీ. దాన్ని విసరడం, తెమ్మనడం, తెచ్చినప్పుడు మెచ్చుకోవడం. కొత్తగా వచ్చిన కుర్రాడి చేతిలో ఆ డమ్మీ పెట్టి, ఇదిగో ఇక్కడ నిలబడు అని చెప్పి, నేర్చిన కుక్కని ఒకదాన్ని పక్కన కూర్చోబెట్టి, నేర్పేవాళ్ళలో ఒక్కరు మాట్లాడి మిగతావాళ్ళు ఊరుకుంటే చాలు, ఆదరణ అయిపోయినట్టే. ఖర్చు లేని పని. అందుకే ఎవరికీ నచ్చదు.

వచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టడం మన గడ్డకి కొత్తేం కాదులెండి. ఉదయగిరి కోట ముందు ఒక కొత్తాయన ఏడాదిన్నర కాచుకుని కూర్చున్నాడు. లోపలున్న గజపతుల మనుషులు తలుపు తీయలేదు. 1514లో ఆయనే తీసుకున్నాడు. పేరు శ్రీకృష్ణదేవరాయలు. ఏనుగులు, సైన్యం, తిమ్మరుసు వెంట ఉన్నవాడికి అంత ఓపిక ఉంటుంది. స్కూటీ మీద వచ్చినవాడికి ఉండదు. రెండో ఆదివారానికి వాడు మానేస్తాడు. పిల్ల మిద్దె మీదికి చేరి, గొలుసుకి కట్టుబడి, పెరిగి పెద్దదై, కోతుల్ని చూసి మొరగడంలో స్పెషలిస్టు అవుతుంది. "ఈ కాలం పిల్లకాయలకి నిలకడ లేదబ్బా" అని కమిటీ వాపోతుంది.

ఇప్పుడు పేపర్ల దగ్గరికి వద్దాం. ధర తరవాత కమిటీ అడిగే ప్రశ్న అదే. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896 నుంచి ఉంది, చెన్నైలో ఆఫీసు, కుక్క వంశవృక్షం రాసి సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్ళే. మంచి పని, కాదనను. కానీ ఆ లాబ్రడార్ వంశవృక్షం పట్టుకుని పై కొమ్మల దాకా ఎక్కితే అక్కడ ప్రభువులు కనపడరు. న్యూఫౌండ్‌లాండ్ జాలర్లు కనపడతారు. చలినీళ్ళలో దూకి, జారిపోయిన చేపని పట్టి తెచ్చేది, వల తాళ్ళు లాగేది వాళ్ళ కుక్క. పత్తాలేని బీదల కుక్క. 19వ శతాబ్దం మొదట్లో ఉప్పుచేపల ఓడలెక్కి ఇంగ్లండులో పూల్ రేవుకి చేరింది. అక్కడ మామ్స్‌బరీ ప్రభువుల కంట పడింది, తరవాత స్కాట్లండులో బక్లూ ప్రభువుల ఇంటికెక్కింది. చేపలు తెచ్చే నోరు బాతులు తేవడానికి పనికొచ్చింది. 1903లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బు దాన్ని ఒక జాతిగా గుర్తించి పుస్తకంలో రాసుకుంది. అలా కుక్కకి సభ్యత్వం దొరికింది. దానికి ఈత, ఓపిక, నోటి మెత్తదనం నేర్పిన జాలరి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళ ఊళ్ళో మిగిలిన అసలు కుక్క 1980ల్లో అంతరించిపోయింది, పేపర్లు లేకుండానే.

మహాప్రస్థానంలో ధర్మరాజు కుక్కని వెంటబెట్టుకుని స్వర్గం దాకా వెళ్తే, కుక్కని వదిలేసి నువ్వొక్కడివే రా అన్నాడు ఇంద్రుడు. ధర్మరాజు ససేమిరా అన్నాడు. ఆ పర్వాన్ని తెలుగు చేసింది మన నెల్లూరి తిక్కన సోమయాజే. ఆయన క్లబ్బుల్ని చూసుంటే కథ అటుదిటు చేసేవాడేమో. క్లబ్బు గుమ్మం దగ్గర ఇంద్రుడి మాట తిరగబడుతుంది: కుక్కని లోపలికి పంపు, నువ్వు బయట ఉండు.

ఆ బయట ఉండేదెవరో మనకి తెలియని సంగతి కాదు. నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. కళ్ళ చుట్టూ, మూతి మీద నల్లమచ్చలు చూసి జోడిపిని సంతలో పది బారల దూరం నుంచి గుర్తుపట్టే పెద్దమనుషులు మన దగ్గర బోలెడుమంది. ఆ గొర్రెల వెనక నడిచే కుక్క మాత్రం వాళ్ళ కంటికి ఆనదు. మెడకి పట్టీ లేదు, పేరు కూడా సరిగా ఉండదు. కాపరి నాలుక టకామని కొడితే నిలబడుతుంది, ఈల వేస్తే మంద చుట్టూ తిరిగొస్తుంది. ఎరువు కోసం పొలంలో మంద కట్టిన రాత్రి, నక్క అలికిడికి లేస్తుందే గాని గొర్రెపిల్ల మీదికి ఎగరదు. క్లబ్బులో ఆరునెలల కోర్సుగా అమ్మే విద్య ఇది. దీనికి ఫీజు కట్టినవాడు లేడు, పట్టా ఇచ్చినవాడూ లేడు.

యానాదుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వరి చేలో ఎలుకలు పడితే రైతుకి ముందు గుర్తొచ్చేది వాళ్ళే. నేల చూసి, బొరియ చూసి, కుక్క చెవులు చూసి లోపల ఏముందో చెప్పగలరు. వెన్నెలకంటి రాఘవయ్యగారు వాళ్ళ మీద పెద్ద పుస్తకమే రాశారు. కమిటీలో ఎవరైనా దాన్ని చదివి ఉంటే నా టోపీ తీస్తాను. సాధారణంగా యానాది పేరు కమిటీ నోట వచ్చేది ఎవరి కోడి పోయినప్పుడో, ఎవరి మోటారు తీగ పోయినప్పుడో.

సరే, రేపు ఎవరో పుణ్యాత్ములు పూనుకుని ఉదయగిరికీ ఆత్మకూరుకీ కలిపి నిజంగానే క్లబ్బు పెట్టారనుకుందాం. ప్రారంభోత్సవం, ఎమ్మెల్యే రిబ్బను, వచ్చిన అతిథికి ఉదయగిరి కొయ్య గరిటెల సెట్టు, "కొత్తవారికి హృదయపూర్వక స్వాగతం" అని ఫ్లెక్సీ. ఫ్లెక్సీ కింద బల్ల, బల్ల మీద ఫారాలు. కుక్క జాతి, మైక్రోచిప్ నంబరు, ఈమెయిలు, సొంత వాహనం వివరం, పరిచయం చేసే ఇద్దరు సభ్యుల సంతకాలు. లుంగీ ఎగ్గట్టిన ఒక పెద్దాయన తన కుక్కతో వచ్చి వరసలో నిలబడతాడు. ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవేమీ లేవు సామీ, కుక్క మటుకు చెప్పినమాట వింటది" అంటాడు.

కమిటీ పక్కకి వెళ్ళి గుసగుసలాడుకుంటుంది. అందరిలోకీ మెత్తని మనసున్న కోశాధికారి ఒక దారి చెప్తాడు: "పాపం, ఊరికే పంపొద్దబ్బా. ఆదివారం ఆదివారం రమ్మందాం. మనం విసిరిన డమ్మీలు ఆయన ఏరుకొచ్చి ఇస్తాడు, పూటకి రెండొందలిద్దాం. మన లాబ్రడార్లు ఎట్లాగూ తేవడం లేదు గదా."