మావయ్య గారి 1500 వాట్లు

మా మావయ్య దగ్గర లీనియర్ యాంప్లిఫయర్ లేదు. ఇదివరకు లేదు, ఇకముందు వస్తుందన్న నమ్మకం ఇంట్లో ఎవరికీ లేదు. అయినా ఆయనకి తెలిసిన హామ్‌లలో ఎవరు లీనియర్ కొనాలన్నా, కొన్నాక బాగుచేయించాలన్నా, బాగుపడక అమ్ముకోవాలన్నా ముందు మావయ్య అభిప్రాయం వినాల్సిందే. అడిగితే చెప్తాడు. అడక్కపోతే ఇంకాస్త వివరంగా చెప్తాడు.

హామ్ రేడియో సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో రేడియో పెట్టుకుని, మేడమీద తీగ కట్టి, ముక్కూమొహం తెలియని మనుషులతో దేశాలు దాటి మాట్లాడే వ్యసనం అది. మామూలు సెట్టు, వాళ్ళ మాటల్లో రిగ్గు, 100 వాట్లు బయటికి పంపుతుంది. అది చాలదనిపించినవాడు రిగ్గుకీ యాంటెన్నాకీ మధ్య ఇంకో పెట్టె పెడతాడు. అదే లీనియర్. మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉన్నవాడికి చట్టం ఒప్పుకునేది 400 వాట్లు. అమెరికాలో 1500. మావయ్య లైసెన్సు ఇక్కడిదే, అభిప్రాయాలు మాత్రం 1500 వాట్లవి.

"400 దాటకూడదు కదా మావయ్యా, మనకెందుకు ఆ పెద్ద పెట్టెల గొడవ?" అని ఒకసారి అన్నాను.

"ఒరేయ్, 1500 ఇచ్చేదాన్ని 400 దగ్గర నడిపితే ట్రాన్సిస్టరు చల్లగా ఉంటుంది, సిగ్నలు శుభ్రంగా ఉంటుంది. 400 దాన్ని 400 దగ్గర పిండావనుకో, పక్క స్టేషన్లమీద చిమ్ముతుంది" అన్నాడు.

మాట నిజం. ఆయనతో వచ్చిన చిక్కే అది. చెప్పేవి అబద్ధాలైతే ఎప్పుడో నోరు మూయించేవాళ్ళం.

పొద్దున్నే 40 మీటర్ల బ్యాండులో ఈ హామ్‌లంతా చేరతారు. రామాయణ పారాయణకి వచ్చినట్టు వేళ తప్పకుండా వస్తారు. ఆ మధ్య రాజమండ్రి నించి ఒక పెద్దాయన, రెవిన్యూలో చేసి రిటైరైన మనిషి, సంతోషం పట్టలేక చెప్పాడు: కొత్తగా ట్రాన్సిస్టర్లతో నడిచే సాలిడ్ స్టేట్ లీనియర్ పెట్టానండీ, సిగ్నలు ఎలా వస్తోందండీ అని. మావయ్య మైకు నొక్కి కాసేపు ఏమీ అనలేదు. తరవాత "మంచిదేనండీ..." అన్నాడు. ఆ దీర్ఘం వినగానే అత్తయ్య వంటింట్లోంచి "పాపం" అంది.

"మీరు 57 వస్తున్నారండీ. మీ ఫ్యాను 59 వస్తోంది."

అంటే మనిషి కన్నా లీనియర్ వెనక పంకాయే గట్టిగా వినిపిస్తోందని. అక్కడితో ఆగాడా? రెండు స్వరాలు పెట్టి టెస్టు చేశారా, థర్డ్ ఆర్డర్ ఎంత కిందకి ఉంది, బ్యాండుకో లోపాస్ ఫిల్టరు విడిగా ఉందా లేక రెండు బ్యాండులకి ఒకటే వేసి సరిపెట్టాడా, రిలేలు ఏ కంపెనీవి. ఆ పెద్దాయన అన్నిటికీ ఓపిగ్గా "చూడలేదండీ" అని, చివరికి "వినిపిస్తే చాలనుకున్నానండీ" అని సెట్టు కట్టేసుకున్నాడు. మర్నాటి నించి వారం రోజులు మళ్ళీ పాత 100 వాట్లమీదే వచ్చాడని విన్నాను.

ఇంతకీ మావయ్య సాలిడ్ స్టేట్‌కి శత్రువనుకుంటున్నారేమో. కాదు. హామ్‌లలో వాల్వులవాళ్ళు, ట్రాన్సిస్టర్లవాళ్ళు అని రెండు తెగలున్నాయి. మావయ్యది ఎదుటివాడు కొనని తెగ. వాల్వు లీనియర్ ఉన్నవాడు కనిపిస్తే ఈయనంత ట్రాన్సిస్టరు భక్తుడు భూమ్మీద లేడు: "ఇంకా ఆ గాజుబుడ్లేమిటండీ! మూడు వేల వోల్టులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంటారా? బ్యాండు మారినప్పుడల్లా ఆ ప్లేటు గుబ్బా, లోడు గుబ్బా తిప్పుకుంటూ కూర్చునే లోపు అవతలివాడు ఇంకొకడితో మాట్లాడి వెళ్ళిపోతాడు. సాలిడ్ స్టేట్ అయితే స్విచ్చి వేయడం, మాట్లాడడం." రష్యా వాల్వు జీయూ-74బీ ఉన్నాయన ఒకరు వైజాగులో ఉన్నారు. అది వేడెక్కడానికి రెండు నిమిషాల పైన పడుతుంది. ఆ రెండు నిమిషాలూ ఆయన ఏం చేస్తూంటాడో ఊహించి, నటించి చూపించడం మా ఇంటి పెళ్ళిళ్ళలో ఒక కార్యక్రమం.

అదే సాలిడ్ స్టేట్ కొన్నవాడు దొరికితే కథ తిరగబడుతుంది. "3-500జెడ్ వాల్వుకి ఓర్పుందండీ. ప్లేటు ఎర్రబడి, ఒరేయ్ తప్పు చేస్తున్నావు అని చెప్తుంది. సరిదిద్దుకునే వ్యవధి ఇస్తుంది. ట్రాన్సిస్టరు చెప్పదు. ఫ్యూజుకి దెబ్బ తగలకూడదని ముందు తను పోతుంది." పైగా ఎల్‌డీమాస్ అనే రకం ట్రాన్సిస్టరు గురించి పాఠం. 50 వోల్టులమీద నడిచే వేలెడంత ట్రాన్సిస్టరు ఒక్కటే కిలోవాటు పైన ఇస్తుంది, సరే. ఆ వేడంతా ఆ వేలెడు చోటులోంచే బయటికి రావాలి, అందుకే దాన్ని దళసరి రాగి పలకమీద సోల్డరు చేస్తారు. ఆ సోల్డరులో ఎక్కడైనా గాలి బుడగ ఉందా, అంతే. ఇంకొకటి, దాన్ని తోలడానికి కొద్ది వాట్లు చాలు. నీ రిగ్గు 20 వాట్లకి తిప్పి పెట్టావనుకో, మొదటి అక్షరానికి మాత్రం ఒక్క క్షణం 100 కక్కుతుంది. "నువ్వు హలో అనేలోగా దాని ఆయువు తీరుతుంది" అంటాడు. ఇది చెప్పేటప్పుడు మావయ్య కళ్ళలో దయ లాంటిది కనిపిస్తుంది. కొన్నవాడిమీద కాదు, ట్రాన్సిస్టరుమీద.

(మా ఆఫీసులో ఒకతను మొన్న కొత్త ఎలక్ట్రిక్ స్కూటరు చూపిస్తే "మంచిదే..." అని నా నోట్లోంచి వచ్చింది. దీర్ఘంతో సహా. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది.)

హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది. ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళకి అది పుణ్యక్షేత్రం. మావయ్య నెలకోసారి వెళ్తాడు. జేబులో భూతద్దం. దుకాణంవాడు పవర్ ట్రాన్సిస్టరు తీసి కౌంటరుమీద పెడతాడు. మావయ్య దాన్ని వెలుతురుకి పట్టి, మీద అక్షరాలు చూసి, కాళ్ళు చూసి, గోరుతో గీకి, "పాతదానిమీద పేరు చెరిపి కొత్త పేరు అచ్చు కొట్టారు" అని తేలుస్తాడు. నకిలీలు నిజంగానే ఉన్నాయి, కాదనను. కాని నాకు తెలిసి మావయ్య చేతిలో అసలుదని ఇంతవరకు ఏదీ పాసవలేదు. ఇప్పుడిప్పుడు ఆ కుర్రాడు ట్రాన్సిస్టరు తీయడం మానేశాడు. స్టూలు వేసి, చాయ్ చెప్పి, "సార్, వేరేవాళ్ళు తెచ్చిచ్చినవి ఉన్నాయి, కొంచెం చూసి పెట్టండి" అంటాడు. మావయ్య అప్పుడు కూర్చునే పద్ధతి చూడాలి. హైకోర్టు.

ఆయన బ్రహ్మాస్త్రం లెక్కల్లో ఉంది. రిసీవరుమీద సిగ్నలు బలం చూపే ముల్లు ఒక ఎస్ గీత పైకి వెళ్ళాలంటే పవరు నాలుగింతలు కావాలి. 100 వాట్లని 400 చేస్తే పెరిగేది 6 డెసిబెల్స్, అంటే ఒక్క గీత. "లక్షలు పోసి ఒక్క గీత కొంటావా నాయనా? ఆ డబ్బులో పదో వంతు పెట్టి యాంటెన్నా ఎత్తు పెంచు, మంచి కోయాక్సు వెయ్యి" అంటాడు. ఎంతోమంది కుర్రాళ్ళకి ఈ మాటతో డబ్బు మిగిల్చాడు. అందులో సందేహం లేదు.

మరి ఆయన యాంటెన్నా? వాటర్ ట్యాంకు దగ్గర ఒక గొట్టం, రెండు వైపులా జారిన తీగలు, ఒక కొస పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టుకి నైలాను తాడుతో. వానొస్తే తీగ పొడుగు మారుతుందట, పవరు ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతుందట. అప్పుడు ఫోను నాకు వస్తుంది. నేను ట్యాంకు ఎక్కి గొట్టం పట్టుకు నిలబడాలి, మావయ్య కింద గదిలో మీటరు చూస్తూ కిటికీలోంచి "ఇంకొంచెం తూర్పుకి!" అని అరవాలి. మా ఇద్దరి మధ్య మాట చేరడానికి రేడియో పనికి రాలేదు ఎప్పుడూ. అరుపులే. ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ఆ ట్యాంకుకి తెలుసు.

అత్తయ్య షరతు ఒకటే: నువ్వు మాట్లాడితే నా ఇంట్లో లైటు మినుక్కుమనకూడదు. దీనికి మావయ్య దగ్గర జవాబుంది. లీనియర్ 400 వాట్లు బయటికి ఇవ్వాలంటే లోపలికి ఏడెనిమిది వందలు తాగుతుంది, సగానికి దగ్గర దగ్గర వేడిగా పోతుంది. "నీ మిక్సీ 750 వాట్లు. అది తిప్పితే తప్పులేదు గానీ..."

"మిక్సీలోంచి చట్నీ వస్తుంది" అంది అత్తయ్య.

ఇన్నేళ్ళలో మావయ్య ఎవరి పవరూ అడగని సందర్భం నాకు ఒక్కటి తెలుసు. 2004 డిసెంబరు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్ళి పోర్ట్ బ్లెయిర్ నించి ప్రపంచంతో మాట్లాడుతున్నారు. అక్కణ్ణించి హామ్ స్టేషను వినిపించడమే అరుదు కనక అన్ని దేశాలవాళ్ళూ వాళ్ళకోసం ఎగబడుతున్నారు. మావయ్యకి పండగ. వాళ్ళ సిగ్నలుమీద అభిప్రాయాలు రెడీ చేసుకుంటున్నాడు. 26న సునామీ వచ్చింది. సరదాకి పెట్టుకున్న రేడియోలే వార్తలు మోశాయి. ఎవరు క్షేమం, ఎవరు ఎక్కడున్నారు అన్న కబుర్లు. మావయ్య హెడ్‌ఫోను తీయకుండా కూర్చుని, వినిపించిన ప్రతి పేరూ పాత డైరీలో రాసుకున్నాడు. అన్నం చల్లారిపోయింది. తరవాతెప్పుడో నేను అడిగాను, వాళ్ళు ఎన్ని వాట్లమీద ఉన్నారు మావయ్యా అని. "తెలీదురా" అన్నాడు. తెలీదన్న మాట ఆయన నోట నేను విన్నది అప్పుడే.

అలాటి మనిషికి నిజంగానే లీనియర్ వచ్చే ప్రమాదం ఒకసారి ముంచుకొచ్చింది. మా బావ డల్లాస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తూ, "నాన్నా, ఏది కావాలో చెప్పండి, తెచ్చేస్తాను. లైసెన్సు కాగితాలు మీరు చూసుకోండి" అన్నాడు. మావయ్య మొహం పాలిపోయింది. నలభై ఏళ్ళ అభిప్రాయాలకి ఇప్పుడు జవాబు చెప్పాలి. నెలంతా ఫోన్లే. ఇటలీది చూడముచ్చటగా ఉంది గానీ అంత చిన్న పెట్టెలోంచి వేడి ఎటు పోతుంది? బల్గేరియాది గట్టిది, కాని రిపేరుకి బల్గేరియా వెళ్తామా? అమెరికాది బాగుంది, కాని పవర్ సప్లై విడి పెట్టె, అత్తయ్య బల్లమీద రెండు పెట్టెలు ఒప్పుకోదు. జపానుది సరే, ఆ ధరకి పిల్లకి పెళ్ళి చేయచ్చు. "నాన్నా, మనింట్లో పెళ్ళి కావలసిన పిల్ల లేదు" అన్నాడు బావ. "ధర చెప్పడానికి అన్నాన్రా" అన్నాడు మావయ్య. చివరికి, వచ్చే ఏడాది ఇంకా మంచి ట్రాన్సిస్టరు వస్తుందని విన్నాను, ఆగుదాం అని తీర్పిచ్చి, ఊరికే వద్దంటే కుర్రాడు నొచ్చుకుంటాడని ఒక డమ్మీ లోడు తెమ్మన్నాడు. 1500 వాట్లది.

వచ్చింది. పండగపూట దాన్ని బల్లమీద పెట్టి, తుడిచి, మమ్మల్నందర్నీ పిలిచాడు. అదేం చేస్తుందని అత్తయ్య అడిగింది.

"యాంటెన్నా బదులు దీన్ని తగిలిస్తారు. ఎన్ని వాట్లు పోసినా మొత్తం తనే భరిస్తుంది, వేడెక్కుతుంది, అంతేగాని బయటికి ఒక్క మాట పొక్కనివ్వదు" అన్నాడు మావయ్య గర్వంగా.

అత్తయ్య దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇంట్లో ఒకటి ఉండగా రెండోదెందుకు తెప్పించారు?" అని అరిసెల పళ్ళెం తెచ్చింది.