చెన్నపురి చేరిన వెలుగోడు చిన్నవాని పద్యము: సటీకాతాత్పర్యము

అవతారిక

నంద్యాల జిల్లా వెలుగోడులో పుట్టి, కంప్యూటరు చదువు ముగించి, చెన్నైలో ఓ.ఎం.ఆర్. అను సాఫ్ట్‌వేరు వీథిలో కొలువు సంపాదించిన ఒక చిరంజీవి, చేరిన కొత్తలో తల్లికి పంపిన సందేశమిది. వాడు పంపినది వాట్సాప్‌లో వాయిస్ మెసేజి. దానిని ఆటవెలదిలోనికి దింపినది వ్యాఖ్యాత. కనుక భావము వానిది, యతి మాత్రము మాది.

మూలము

ఇల్లు దొరికెనమ్మ యిరుగుపొరుగు మంచి
వారె కడలిగాలి వచ్చు నిచట
మనదె తాగు నీరు మరి బియ్యమొకటి పం
పవలె నిచటి కూడు పడదు నాకు

ప్రతిపదార్థము

అమ్మ = ఓ తల్లీ (నాయన పక్కనే వినుచున్నను ఆమెనే పిలుచుట ఆచారము); ఇల్లు = ఒక పడకగదియు, బట్టలారవేయుటకు చాలునంత బాల్కనీయు, ఇద్దరు స్నేహితులును గల వాటా; దొరికెన్ = దొరికినది; ఇరుగుపొరుగు = ఇరుగువారును పొరుగువారును; మంచివారె = మంచివారే, అనగా ఇంతవరకు; ఇచట = తిరువాన్మియూరునందు; కడలిగాలి = సముద్రపు గాలి; వచ్చున్ = వచ్చును, కిటికీ తెరచినచో; తాగు నీరు = తాగెడి నీరు; మనదె = మన ఊరిదే; మరి = ఇక; బియ్యమొకటి = బియ్యము మాత్రము; పంపవలెన్ = పంపవలయును; ఇచటి కూడు = ఇక్కడి అన్నము; నాకు పడదు = నా ఒంటికి సరిపోదు.

వ్యాఖ్య

‘దొరికెన్’ అనుటలో కవి చాతుర్యము గమనింపదగినది. ఇల్లు దానంతట అదే వచ్చి వీని కాళ్లకు తగిలినట్లున్నది. చెన్నైలో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుట పాత ఆచారము. ఆ సొమ్మునకై నాయన ధర రాకమునుపే అమ్మిన శనగమూటలు ఈ క్రియాపదము వెనుక దాగియున్నవి. 

‘మంచివారె’. శంక: తమిళము రానివానికి వారి మంచితనము ఎట్లు తెలిసినది? సమాధానము: కింది వాటా ముసలమ్మ ఇంట మాట్లాడునది తెలుగే. ఆ ఊరిలో తెలుగు నిన్నటిది కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీవారికి కోట కట్టుకొన నేలనిచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఊరికి చెన్నపట్టణమను పేరు అతని తండ్రి చెన్నప్ప నాయకుని బట్టి వచ్చెనందురు. టి.నగర్‌లో బట్టలు కొనబోయి వీడు బస్సు దిగిన పానగల్ పార్కు కూడ పానగంటి రామరాయణింగారి పేరిటిదే. 

‘కడలిగాలి వచ్చు’. మే నెలలో నంద్యాల సీమ ఎట్లుండునో చెప్పనక్కరలేదు, కాలినవారికి తెలియును. చెన్నైలో పగలు నేల వేడెక్కి గాలి పైకి లేవగా, ఆ చోటు నింపుటకు సముద్రము మీది చల్లగాలి లోనికి వచ్చును. పడమటి గాలి బలముగా వీచిన దినమున అది ఆలస్యమగును. అప్పుడు ఊరంతయు ఉడుకును. కవి ‘వచ్చు’ననెనే గాని ఎన్ని గంటలకో చెప్పలేదు. చెమట ప్రసక్తియు లేదు. సాయంకాలము మెరీనా ఇసుకలో కూర్చుండి, కొబ్బరియు మామిడితురుమును కలిపిన బఠానీ సుండల్ కాగితపు పొట్లములో తినువానికి చెమట జ్ఞప్తికి రాదని భావము.

‘మనదె తాగు నీరు’. ఇది పద్యమునకు ఆయువుపట్టు. ‘మద్రాసు మనదే’ యని ఒకనాడు తెలుగువారు ఎలుగెత్తిరి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఆ ఊరిలోనే, మైలాపూరులో, నిరాహారదీక్షలో ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము వచ్చినది, మద్రాసు రాలేదు, రాజధాని కర్నూలైనది. ఆ ఊరు దక్కకపోయినను దానికి నీరు పంపు పని మాత్రము నాటి కర్నూలు జిల్లాకే దక్కినది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.ల కృష్ణ నీటిని చెన్నైకి విడుచుటకు సమ్మతించెను. 1983లో ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్ ప్రభుత్వములు తెలుగుగంగ ఒప్పందము చేసికొనెను. దారిలో ఆవిరియగు దానికి 3 తీసివేసి, సరిహద్దున 12 టి.ఎం.సి.లు అప్పగించుట లెక్క. శ్రీశైలము వెనుకనీరు పోతిరెడ్డిపాడున బయలుదేరి, బానకచెర్ల దాటి, వెలుగోడు జలాశయమున కొంత విశ్రమించి, బ్రహ్మంసాగరము, సోమశిల, కండలేరు చూచుకొని, అటుపై 152 కిలోమీటర్ల కాలువలో నడచి సరిహద్దు దాటి పూండి చేరును. తొలిసారి చేరినది 1996లో. వీడు మాత్రము ఆళ్లగడ్డ, మైదుకూరు, కడపల మీదుగా రాత్రి బస్సులో పోయెను. వెలుగోడు నుండి చెన్నైకి వలసపోయిన మొదటివాడు వీడు కాడు. వీడు పుట్టకమునుపే నీరు పోయినది.

శంక: చెన్నై తాగునది పూండి వాననీరు, వీరాణము చెరువు నీరు, నెమ్మేలి కర్మాగారములలో ఉప్పు తీసిన సముద్రపు నీరు కూడ గదా? 2019 వేసవిలో చెరువులెండినప్పుడు జోలార్‌పేట నుండి రైలెక్కి నీరు రాలేదా? అన్నిటికి మించి, వీడు తాగునది ఇరవై లీటర్ల క్యాను నీరు గదా? ఇక ‘మనదె’ యను ఏవకారము పొసగునా? సమాధానము: పొసగును. తల్లికి ధైర్యము చెప్పు బిడ్డలకు అతిశయోక్తి అలంకారము, దోషము కాదు.

‘ఇచటి కూడు పడదు’. ఇక్కడ పూర్వపక్షి చెలరేగును: పొద్దున పొంగలు, మధ్యాహ్నము సాంబారు, రాత్రి పరోటా తిని, ఒక్కొక్కదానికి ఫోటో తీసి స్టేటసున పెట్టువానికి కూడు పడకుండుట ఎట్లు? కూడనగా అన్నమే, తక్కినదంతయు టిఫినని మొదటి సమాధానము. అయినచో ఉప్పుడు బియ్యము రుచింపనివాడు అంగడిలో సోనా మసూరి కొనుక్కొనరాదా, చెన్నైలో అది దొరకదా? దొరకును. వీధి చివరనే దొరకును. ఇక్కడ పూర్వవ్యాఖ్యాతలు మూగవోయిరి.

సిద్ధాంతమిది. బిడ్డ సుఖముగా నున్నాడని వినుట తల్లికి ఆనందము. తాను లేకయే అంత సుఖముగా నున్నాడని వినుట అంత ఆనందము కాదు. వీనికి ఇల్లు కుదిరినది, మనుషులు కుదిరిరి, గాలి కుదిరినది, సముద్రము కుదిరినది. ఏ లోటును లేదని చెప్పినచో ఆమెకు చేయుటకు పని మిగులదు. కాబట్టి వెదకి వెదకి ఒక లోటు కల్పించి, దానిని నాలుగవ పాదమున భద్రముగా నిలిపెను. ‘కూడు పడదు’ అనునది ఫిర్యాదు కాదు, ఆమెకిచ్చిన కొలువు.

పాఠాంతరము

ఈ సందేశమును తల్లి ఇరుగుపొరుగు ఆడవారికి వినిపించునపుడు ‘ఈడి బువ్వ’ అని చదువుచున్నది. ‘పవలె నీడి బువ్వ పడదు నాకు’ అన్నను గణము తప్పదు. వ్యాఖ్యాతకు తల్లి పాఠమే సమ్మతము.

తాత్పర్యము

అమ్మా, నేనిక్కడ చాల బాగున్నాను. అయినను బియ్యము పంపుము. నీటికి ప్రభుత్వముల ఒప్పందమున్నది, దానంతట అదే వచ్చును. బియ్యమునకు ఏ ఒప్పందమును లేదు. అదే కాలువ కింద పండినవే అయినను, నీవు ఏరి, మూట కట్టి, నంద్యాలలో బస్సు డిక్కీలో వేయించి, డ్రైవరు నంబరు నాకు చెప్పినగాని రావు.

ఫలశ్రుతి

దీనిని చదివినవారికి వాటా ఖాళీ చేయునాడు, సున్నపు ఖర్చని ఒక నెల అద్దె కోయక, యజమాని అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇచ్చును. తల్లికి చదివి వినిపించినవారికి బియ్యముతోపాటు ఊరగాయ జాడీయు చేరును.