తగు జాగ్రత్త: టీకా తాత్పర్య సహితము

మూలము:

లాగుడు వాహనమునకు అనుబంధ వాహనమును జతపరచు సమయమున సంబంధితులు తగు జాగ్రత్త వహించవలెను. ఇది యాజమాన్యపు ఆజ్ఞ.

అవతారిక. నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్, 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. ఆ ఊళ్లో హాడో వార్ఫు వైపు వెళ్లే దారిలో ఒక ట్రాన్స్‌పోర్టు యార్డు ఉంది. పేరు చెప్పను. ఓడల్లోంచి దిగిన కంటెయినర్లు అక్కడ ట్రైలర్ల మీదెక్కి, తమను లాగే ముందు బండి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. పై వాక్యం ఆ యార్డు గోడ మీద మూడు భాషల్లో ఉంది: హిందీ, ఇంగ్లీషు, తెలుగు. తెలుగు ఉన్నందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగును మాతృభాషగా రాయించుకున్నారు. ఆ యార్డులో సగం గొంతులు శ్రీకాకుళం యాసవే. ఆశ్చర్యమల్లా ఆ తెలుగును చూసి. మా బావమరిది ఇంట్లో నెల్లాళ్లు ఉండి, పొద్దున నడకకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి చదివాను. అరవై సార్లు పారాయణ చేసినా బండికి బండి ఎలా తగిలించాలో అంతుపట్టలేదు. అరవయ్యొకటోసారి, దీనికి వ్యాఖ్యానం లేకపోవడమే లోపమని తోచింది.

కోలాచల మల్లినాథ సూరి మెతుకుసీమ కొల్చారం వాడు. కాళిదాసుకు టీక రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకేం, మూలం కాళిదాసుది. నాకు దొరికింది గోడ. మూలంలోనే ఏమీ లేనప్పుడు, మూలంలో లేనిది రాయకుండా ఎలా గడుస్తుంది? అందుచేత ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. పెద్దలు వ్యాఖ్యలకు దీపిక అనో ప్రకాశిక అనో పేరు పెట్టేవారు. నాదానికి పేరు ఇంకా కుదరలేదు, చివర్లో చూద్దాం.

లాగుడు వాహనము, అనుబంధ వాహనము, సమయమున: స్పష్టము. కొరుకుడుపడని చోట ‘స్పష్టము’ అని దాటేయడం కొందరు టీకాకారులకు అలవాటు. ఇవి మాత్రం నిజంగానే స్పష్టము.

జతపరచు. రచయిత పెళ్లిళ్ల పేరయ్య భాష వాడాడు. జత కుదర్చడం వేరు, ముడి పడడం వేరు. ఆ ముడి సంగతి ఇది. ముందు బండి వెనక ఇరుసుల మీద, గ్రీజు దట్టించిన ఇనుప పళ్లెం ఒకటి గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. దాని పేరు ఫిఫ్త్ వీల్, ఐదో చక్రం. ట్రైలర్ అడుగునుంచి కిందికి ఒక మేకు దిగి ఉంటుంది, పేరు కింగ్ పిన్. లావు రెండంగుళాలు. బండి వెనక్కి రాగా రాగా ఆ మేకు పళ్లెం నోట్లోకి వెళ్లాలి, లోపల దవడలు దాని మెడను కరిచి పట్టాలి. తర్వాత వెనకున్న టన్నుల కొద్దీ సరుకు ఆ రెండంగుళాలను నమ్ముకునే వెళ్తుంది.

శంక: పళ్లేనికి చక్రమని పేరేమిటి, అదీ ఐదోదని? సమాధానం: గుర్రపు బగ్గీల కాలంలో ముందు ఇరుసు పక్కలకు తిరగడానికి బండి కింద ఒక చక్రాన్ని పడుకోబెట్టేవారు. నిలబడ్డవి నాలుగు, పడుకున్నది ఐదోది. గుర్రం పోయింది, చక్రం పళ్లెమైంది, పేరు మాత్రం దిగలేదు. ఇది చరిత్ర మార్గం. యోగ మార్గం ఇంకా రుచిగా ఉంటుంది. మూలాధారం మొదలు లెక్కపెడితే ఐదో చక్రం విశుద్ధం, దాని స్థానం కంఠం. ట్రైలర్ మెడ వచ్చి వాలేదీ సరిగ్గా ఇక్కడే. ఆ ముందు భాగాన్ని గూస్ నెక్, బాతుమెడ అనే పిలుస్తారు. విశుద్ధం తర్వాత ఆరోది ఏమిటి? ఆజ్ఞ! మూలంలో చివరి పదం చూడండి. ఐదో చక్రం దగ్గర పిన్ను పడిందో లేదో తేలకుండానే మన రచయిత ఆరో చక్రానికి ఎక్కేశాడు. కుండలిని ఇంత తొందరగా లేచిన యాజమాన్యాన్ని నేనెక్కడా చూడలేదు.

ఇక సంధి విచారం. ముందు బండి పూర్వపదం, ట్రైలరు పరపదం. మన వ్యాకరణంలో ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం. అంటే రెండోది జరిగితే జరుగుతుంది, లేకుంటే మానుతుంది. యార్డు వ్యాకరణంలో వైకల్పికం అనేది ఉండకూడదు. ట్రైలర్ అడుగు, పళ్లెం కంటె పిసరంత కిందుగా ఉండాలి. పళ్లెం దాన్ని ఒరుసుకుంటూ వచ్చి కాస్త పైకెత్తాలి. మరీ ఎత్తున ఉంటే మేకు దవడల మధ్యకు దిగకుండా పైపైన కూర్చుంటుంది. దూరాన్నుంచి చూస్తే తగిలినట్టే ఉంటుంది. ముందు బండి కదిలితే ఓ నాలుగడుగులు బుద్ధిగా వెంట వస్తుంది కూడా. మొదటి గుంట రాగానే విడిపోతుంది. సంధి జరగని చోట యడాగమం వస్తుందని బళ్లో చదివాం. ఇక్కడ సంధి జరగని చోట వచ్చేది యమాగమం.

మా మేనల్లుడు టెక్సాస్‌లో పికప్ ట్రక్కుకు పడకగదీ వంటిల్లూ ఉన్న ట్రైలరు తగిలించుకుని సెలవులకు తిరుగుతుంటాడు. వాడిదీ ఐదో చక్రమే, కాకపోతే ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసుకు పైన గానీ రవ్వంత ముందుకు గానీ బిగిస్తారు. ట్రైలర్ బరువులో నూటికి పదిహేను నుంచి పాతిక వంతులు ఆ పిన్ను మీదే వాలుతుంది కాబట్టి, ట్రక్కు ఎంత మోయగలదో ముందు చూసుకోవాలి. వెనక్కి వచ్చేముందు తొట్టి తలుపు దించాలి. ‘మొదటిసారి దించడం మర్చిపోయాను మామయ్యా’ అంటూ సొట్టపోయిన తలుపు ఫోటో పంపాడు. వాడికి బండితో వచ్చిన పుస్తకంలో తలుపు దించు, లాగి చూడు, దిగి చూడు అని విడివిడిగా ఉందట. వాడు చదవలేదు, అది వేరే సంగతి.

అన్నట్టు, ఈ ట్రైలర్ పుట్టుకలో ఒక విచిత్రం ఉంది. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవను తీసుకెళ్లడానికి ఫోర్డు కారు వెనక తగిలించే బండి చేసిచ్చాడు. పడవను మోయడానికి పుట్టిన జాతి ఇది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మిడిల్ స్ట్రెయిట్ దగ్గర చూడండి, బళ్లే వరసకట్టి పడవెక్కుతాయి. ఋణం తీరింది. ఆ రేవుకు వెళ్లాలంటే ముందు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటి జారవాల అడవిలోంచి పోవాలి. అక్కడ కాన్వాయ్‌లోనే నడవాలి, దారిలో బండి ఆపడానికి వీల్లేదు. కాబట్టి పిన్ను సంగతి యార్డులోనే తేల్చుకోవాలి, అడవిలో అనుమానం వచ్చి లాభం లేదు.

సంబంధితులు. ఎవరితో సంబంధం? షష్ఠీ విభక్తి కనపడదు. ముందు బండి వెనక్కి వస్తున్నప్పుడు దాని వెనక కనీసం నలుగురు నిలబడి చేతులూపుతూ అరవడం నేను రోజూ చూశాను, వాళ్లే కాబోలు. తెలుగువాడు ‘రానీ రానీ’ అంటాడు. హిందీవాడు ‘ఆనే దో’, తమిళుడు ‘వరట్టుం’. బెంగాలీ ఆయన నెమ్మదిగా రమ్మని ‘ఆస్తే ఆస్తే’ అంటాడు. కొత్తగా సోంపేట నుంచి వచ్చిన క్లీనరు కుర్రాడికి ఊళ్లో అన్నదమ్ముల తగాదా గుర్తుకొస్తుంది. చాలు అనడానికి హిందీవాడు ‘బస్, బస్’ అని కేకేశాడు. కుర్రాడు బస్సొస్తోందనుకుని రోడ్డు వైపు తిరిగాడు. ఇవన్నీ పిల్ల శ్లేషలు. అసలు శ్లేష వేరే ఉంది.

హిందీలో ‘ఆగే’ అంటే ముందుకు. తెలుగులో ‘ఆగు’ అంటే నిలు. ఇంజను రొదలో, రేకుల మీద వానలో చివరి అచ్చు ఎవరి చెవికీ చేరదు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట చివరి అచ్చుల బతుకెంత? మిగిలేది ‘ఆగ్!’ ఒక్కటే. (హిందీలో అదీ ఒక మాటే. నిప్పు అని. దాన్ని వదిలేస్తున్నాను.) తెలుగు క్లీనరు కంగారుగా ‘ఆగాగాగు’ అంటే బిహారు డ్రైవరు ఉత్సాహంగా ముందుకు లాగుతాడు. హిందీ మేస్త్రీ ‘ఆగే ఆగే’ అంటే తెలుగు డ్రైవరు బ్రేకు తొక్కి, తలుపు తీసి, ఏమైందని అడుగుతాడు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యంతో రామకథనూ భారతకథనూ నడిపించాడు. రెండర్థాలూ ఒకేసారి అందుకున్నవాడు సహృదయుడని మెచ్చుకున్నాం, ఎవరి కాలూ నలగలేదు. యార్డులో సహృదయుడు ఆ రెండర్థాల మధ్య, బండికీ ట్రైలర్‌కీ మధ్య నిలబడి ఉంటాడు. ఇది సభంగమా అభంగమా అన్న చర్చ ఎముకల డాక్టరు చేయాలి.

శ్లేషల్లో శిరోమణి మన ‘పోనీ’. నా చెవులారా విన్నాను. ‘పిన్ను సరిగ్గా పడినట్టు నేదు మేస్త్రీ’ అన్నాడు కుర్రాడు. మేస్త్రీ గడియారం చూసుకుని ‘పోనీ’ అన్నాడు. పోనీలే అనా, బండి పోనిమ్మనా? ఏ అర్థం తీసుకున్నా ఫలం ఒకటే. గేటు దగ్గరి గతుకులో ట్రైలరు మూతి నేలకు కొట్టుకుని కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అప్పుడే టీ వేళయింది కాబట్టి.

ఎక్కడున్నాను? సంబంధితులు. బండి వెనక్కి వచ్చేటప్పుడు నలుగురూ, సాయంత్రం ‘నేనే తగిలించా’ అని చెప్పుకునేటప్పుడు ఆరుగురూ ఉన్న ఈ బహువచనం, ట్రైలరు కూలిన మర్నాడు ఏకవచనమైంది. సంబంధితుడు డ్రైవరు ఒక్కడే అని తేలింది. జీతంలో కోత పడింది. తగు జాగ్రత్త వహించవలెనని గోడ మీద ముందే రాసి ఉందిగా!

అందుకే ఉంది ఆ రాత. దాని పని బండిని కాపాడడం కాదు, రాసినవాణ్ణి కాపాడడం. టీకాకారుడు ఇంత కోపంగా మాట్లాడకూడదు. క్షమించాలి.

తగు. ఎంత తగునో అంత. ఎంత తగును? తగినంత. వంటల పుస్తకంలోనూ ‘ఉప్పు తగినంత’ అని ఉంటుంది, కానీ అక్కడ గరిటె ఉంది, నాలుక ఉంది. కింగ్ పిన్నును నాకి చూడలేం.

జాగ్రత్త. జాగ్రదవస్థ నుంచి వచ్చిన మాట. జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని అవస్థలు. ఓడ దిగిన సరుకు తెల్లవారేలోపు తరలించాలని వరసగా రెండు షిఫ్టులు చేయించినవాణ్ణి ఏ అవస్థలో ఉండమంటారు? దీనికి ఆజ్ఞలో సమాధానం లేదు.

తాత్పర్యం నాకు చేతకాక, జీతం కోతపడిన ఆ డ్రైవరునే అడిగాను.

“తగు అంటే ఏటో నాకు తెల్దు సారూ. తెలిసింది సెప్తాను. ముందు ట్రైలర్ సక్రాలకి రాళ్లెట్టాల. పళ్లెం నోరు తెరిసుందో నేదో సూడాల. ఎత్తు సూడాల. తిన్నగా, మెల్లిగా ఎనక్కి రావాల. టక్కుమన్నాక ట్రైలర్ బ్రేకు పట్టుండగానే సిన్న గేరులో ముందుకో పాలి లాగి సూడాల. రానేదు కదాని అయిపోనాదనుకోకూడదు. దిగాల, కిందకి దూరాల, లైటెయ్యాల. దవడ పిన్ను మెడని పట్టిందా, తలకాయని పట్టిందా? పళ్లేనికీ ట్రైలర్‌కీ మద్దిన ఎల్తురు కనబడితే తగల్నట్టే. బాగుంటే పిడికి తాళం. అప్పుడు గాలి పైపులు, కరెంటు తీగ. ట్రైలర్ కాళ్లు ఆకర్నెత్తాల. మెత్తనేలైతే ముందే కాళ్ల కింద పలకెయ్యాల.”

“మరి రాళ్లు?”

“రాళ్లు తీసి పక్కనెట్టాల సారూ.” ఇక్కడ మాత్రం గొంతు తగ్గింది. యార్డు బయట రోడ్డు మధ్యలో మూడు రాళ్లున్నాయి. స్కూటర్లు వాటిని చుట్టుకుని పోతున్నాయి. టీకాకారుడు చూసీ చూడనట్టు వదిలేశాడు.

పాఠాంతరం. మూలానికి కింద సుద్దముక్కతో ఎవరో ‘లైటేసి సూడు’ అని రాస్తుంటారు. వాన రాగానే పోతుంది, మర్నాటికి మళ్లీ పుడుతుంది. కొన్ని ప్రతుల్లో ‘చూడు’ అని ఉంది. ఇది ప్రక్షిప్తమని యాజమాన్యం వాదన. అసలు పాఠం ఇదేననీ, పైదంతా తర్వాతి వాళ్ల కల్పన అనీ నా వాదన. నేను బయల్దేరే ముందు రోజు, ఎవరో పెద్దాయన చూడ్డానికి వస్తున్నాడని గోడంతా సున్నం కొట్టి, మూలాన్ని కొత్త రంగుతో దిద్దారు. ‘తగు’ను ఎర్రగా. పాఠాంతరం సున్నం కిందికి పోయింది.

ఆ సాయంత్రం చినుకులు పడుతుంటే అటు వెళ్లాను. ముందు బండికీ ట్రైలర్‌కీ మధ్య నుంచి రెండు కాళ్లు కనిపించాయి. చెప్పుల చప్పుడు విని లోపల్నించి గొంతు వచ్చింది.

“ఎవులు? సారేనా? నా ఫోన్లో చార్జింగు నేదు. ఓ పాలి మీది లైటెయ్యండి.”

వేసి, వంగి పట్టుకున్నాను.