లోడు ఎక్కువ

రిటైరైన లెక్కల సారుకు సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనిపెట్టాడు మేనల్లుడు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. 11 వేయాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి. అది చూసుకునే బేరమాడాడు. 11,000కు తెగింది.

“ఎక్కువ వాడలేదు సార్, కొత్తదాని లెక్కే,” అన్నాడు దుకాణదారు. అక్కడ ఏ కంప్యూటర్‌కైనా చెప్పే మాటే అది.

ఇంటికొచ్చి వైర్లు తగిలించి, పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కిస్తూ అడిగాడు.

“ఇప్పుడు నీకు కంప్యూటర్ ఎందుకు మామా?”

“పాస్‌బుక్కులో సర్వే నంబరు తప్పు పడింది. దరఖాస్తు ఇచ్చి మూడేళ్లు. ఎప్పుడు పోయినా, ‘ఇంకా కంప్యూటర్లోకి ఎక్కలేదు సార్, సిస్టం మీద లోడు ఎక్కువ, వచ్చే వారం రండి’ అంటారు. ఇంట్లోంచే పెట్టుకోవచ్చటగా?”

విండోస్ ఎక్కింది. హార్డ్‌డిస్క్ ఎంత అరిగిందో చూద్దామని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాడు మేనల్లుడు. డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో డిస్కే రాసి పెట్టుకుంటుంది. ఫార్మాట్ చేసినా ఆ లెక్క పోదు. రోజుకు 8 గంటలు నడిచే ఆఫీసు కంప్యూటరైతే ఏడాదికి 2,000 దాకా రావాలి.

తెర మీద 43 అని ఉంది.

“43 వేలా?” అన్నారు సారు.

“కాదు మామా. 43 గంటలే.”

దుకాణదారు డిస్కు మార్చాడేమోనని మూత విప్పాడు. డిస్కు మీదా 2019, డబ్బా మీదా 2019. స్క్రూలు కదిలిన జాడ లేదు.

మూత బిగిస్తుంటే పక్కన అతికించిన వారంటీ స్టిక్కరు అంచు లేచింది. గోటితో గీకితే ఊడొచ్చింది. కింద తెల్ల పెయింటుతో, చేత్తో రాసిన అక్షరాలు: ‘తహసీల్ ఆఫీసు, కంప్యూటర్-2’. దాని కింద మండలం పేరు.

సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. మండలం తమదే.

బీరువాలోంచి దరఖాస్తు నకలు తీసుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“కొట్టరా. మొత్తానికి నా దరఖాస్తు తహసీల్ ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కుతోంది.”